మొగ నుంచి డబుల్ సవారీ

దయ్యాల ముచ్చట ఎవరైనా మొదలుపెడితే లేచి చాయ్ తాగడానికి పోయే మనిషిని నేను. ప్రెస్సులో కంపోజింగ్ చేసి బతికినవాణ్ణి. అక్షరం చేతికి తగిలితేనే అది ఉన్నట్టు నాకు. మా లాల్‌దర్వాజాలో గల్లీకొక దయ్యం ఉండేది, ఆ దయ్యాన్ని కళ్లారా చూసిన మేనమామ ఒకడు ఉండేవాడు. ఆ మేనమామను నాకు చూపించండి అంటే మాత్రం ఎప్పుడూ ఊళ్లో లేడనే చెప్పేవాళ్లు.

అందుకే నాకు జరిగింది చాలా ఏళ్లు ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే నేనూ ఒక మేనమామనై కూర్చుంటాను. ఇప్పుడు వయసు మీద పడింది, ఎవరు నవ్వినా నాకు పోయేదేం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. నాకు ఖాజా అని ఒక దోస్తు ఉండేవాడు. యాకుత్‌పురా స్టేషన్ పక్క గల్లీలో వాళ్ల ఇల్లు. స్టేషన్‌లోనే సామాన్ల గోదాములో పని. తండ్రి ఎప్పుడో పోయాడు. ఇంట్లో తల్లి, చిన్న చెల్లెలు, వాడు. సంపాదించేది వాడొక్కడే. తల్లిని నేను ఖాలా అని పిలిచేవాణ్ణి. ఆమె చేతి ఖిచిడీ తినని వారం నాకు లేదు.

వాడికొక విలాయతి సైకిల్ ఉండేది. నాకు లేదు. మా ఇద్దరికీ ఉన్న పిచ్చి మాత్రం ఒకటే. నిజాం రాజ్యంలో అప్పుడు సెలవు శుక్రవారం. తెల్లవారుతుండగానే ఒక్క సైకిల్ మీద ఇద్దరం బయలుదేరేవాళ్లం. షాలిబండ దాటి, బహదూర్‌పురా మీదుగా, మీరాలం చెరువు పక్కనుంచి శంషాబాద్ దిక్కు. అక్కడినుంచి పెద్ద సడక్ వదిలేసి గుట్టల మధ్య బండ్ల బాట పట్టేవాళ్లం. అంతా బండరాళ్లు, సీతాఫలం చెట్లు, ఎక్కుడు దిగుడు. ఆ బాట చివర ఈసీ ఏరు హిమాయత్ సాగర్ చెరువులో కలుస్తుంది.

ఆ చోటు చూసినవాళ్లకే తెలుస్తుంది. ఏరు నాలుగైదు పాయలుగా విడిపోయి, నల్లటి బురద మీద పరుచుకుని, ఎక్కడ ఏరు అయిపోయిందో ఎక్కడ సాగర్ మొదలైందో తెలియకుండా పోతుంది. తుంగ, దాని మధ్య కొంగలు, అవతల కనుచూపు మేర నీళ్లు. మా ప్రెస్సులో బందరు నుంచి వచ్చిన, ప్రూఫులు దిద్దే పంతులొకాయన ఉండేవాడు. ఆయనకు ఈ సంగతి చెబితే, కృష్ణ సముద్రంలో కలిసేచోటు కూడా అచ్చం ఇలాగే ఉంటుందనీ, దాన్ని మొగ అంటారనీ చెప్పాడు. సముద్రం మేమిద్దరం చూసింది లేదు. అప్పటినుంచి మాకు అదే మొగ.

ఒక్క సైకిల్ మీద ఇద్దరు పోవడానికి కొన్ని పద్ధతులున్నాయి. ఈ కాలం వాళ్లకు తెలియవు కాబట్టి చెబుతున్నాను. పోయేటప్పుడు ఖాజా తొక్కేవాడు, వచ్చేటప్పుడు నేను. చడావ్ వస్తే, అంటే ఎత్తు ఎక్కాల్సి వస్తే, వెనక కూర్చున్నవాడు చెప్పకుండానే దిగిపోవాలి. దిగి, క్యారియర్ పట్టుకుని నెడుతూ పక్కన నడవాలి. ఎత్తు మీదికి చేరాక తొక్కేవాడు కాస్త నెమ్మదిస్తాడు, వెనకవాడు ఎగిరి కూర్చుంటాడు. దిగకుండా కూర్చున్నవాడితో మళ్లీ ఎవరూ దోస్తీ చేయరు.

ఇంకొకటి. నగరంలో డబుల్ సవారీ పోతే పోలీసులు పట్టుకునేవాళ్లు. చక్రంలో గాలి తీసేసి నడిపించుకుంటూ పొమ్మనేవాళ్లు. అందుకే చౌకీ కనబడేంత దూరంలోనే వెనకవాడు దిగి, తనకేం సంబంధం లేనట్టు నడిచి వచ్చి, మలుపు దాటాక మళ్లీ ఎక్కేవాడు. పోలీసులకు ఈ సంగతి తెలుసు. వాళ్లకు తెలుసని మాకూ తెలుసు.

ఖాజా ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కేవాడు. ఎగిరి కూర్చోగానే హ్యాండిల్ ఒక్కసారి ఎడమకు గుంజేది. ఎన్నిసార్లు తిట్టినా మారలేదు.

ఒక శుక్రవారం ప్రెస్సులో అర్జెంటు పని పడి నేను పోలేదు. వాడొక్కడే పోయాడు. మొగ దగ్గర, నీళ్లలోకి దిగే ఏటవాలు బాట మీద బండలపై పడిపోయాడట. గొర్రెలు కాసేవాళ్లు చూసి, ఎడ్లబండిలో గడ్డి పరిచి పడుకోబెట్టి, చీకటి పడేసరికి యాకుత్‌పురా చేర్చారు. తలకు దెబ్బ. బస్తీ డాక్టరు వచ్చి కట్టు కట్టి, కదిలించొద్దన్నాడు. ఎప్పుడు లేస్తాడంటే, ఆయన నా ముఖం చూడకుండా సంచి సర్దుకున్నాడు.

మర్నాడంతా కళ్లు తెరవలేదు. ఊపిరి ఉంది, మనిషి లేడు. ఖాలా చెంచాతో నీళ్లు పోస్తే పెదవి పక్కనుంచి కారిపోయేవి. పిలిస్తే రెప్ప కూడా కదిలేది కాదు. నేను ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయాను. వాడు లేకపోతే ఆ ఇల్లు ఏమైపోతుందన్నది ఒక భయం. నేనేమైపోతానన్నది ఇంకో భయం.

మూడో రోజు పొద్దున ఖాలా నన్ను పక్కకు పిలిచింది.

"బేటా, గా సైకిల్ ఆడ్నే పడి ఉన్నది. నా మనసుకు మంచిగ అనిపిస్తలేదు. వాని సామాన్ ఇంట్ల ఉండాలె. జర్ర పోయి తీస్కరా."

"గిప్పుడు సైకిల్ ఎందుకు ఖాలా? వాడు లేస్తె ఇద్దరం పోయి తెచ్చుకుంటం."

"నాకు తెల్వది. తీస్కరా."

కొడుకు అలా పడి ఉంటే సైకిల్ గొడవేమిటని నాకు లోపల చిరాకే వేసింది. కానీ ఆ గుమ్మంలో ఊరికే కూర్చోవడం కంటే ఏదో ఒక పని నయమనిపించింది. ప్రెస్సుకు సెలవు చెప్పి బస్సెక్కాను. పెట్రోలు దొరకని రోజులు కదా, వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని దాని గ్యాసుతో నడిచే బస్సు. ప్రతి ఎత్తు దగ్గరా ఆగిపోయేది, మేమంతా దిగి నెట్టేవాళ్లం. శంషాబాద్‌లో దిగి, గుట్టల బాటలో నడిచి మొగ చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

సైకిల్ ఊళ్లో ఎవరింట్లోనో ఉంటుందనుకున్నాను. లేదు. నీళ్ల పక్కనే ఒక బండకు ఆనించి ఉంది. ఖాజాను బండిలో వేసి తెచ్చిన మల్లయ్య అక్కడే గొర్రెలు మేపుతున్నాడు. పెద్దమనిషి. నిజానికి ఆయనకు దండం పెట్టాలి, కానీ నేను ముందు అడిగింది సైకిల్‌ను ఇలా ఎందుకు వదిలేశారని.

"ఇంట్ల పెడ్దమంటె మా ఆడోళ్లు వద్దన్నరు బిడ్డా."

"ఏంది, ఎందుకు?"

"ఏమో, నాకేమెరుక. తీస్కపో. పొద్దు గూకక ముందే ఇల్లు చేరు."

దోస్తు ఎట్లున్నాడని అడిగాడు. చెప్పాను. తల ఊపి గొర్రెల దిక్కు పోయాడు.

సైకిల్‌కు పెద్దగా దెబ్బలేం లేవు. ముందు మడ్‌గార్డు సొట్టబోయింది, అంతే. హ్యాండిల్ సరిచేసి, చక్రాలు తిప్పి చూసుకుని ఎక్కాను. నాలుగు తొక్కులు తొక్కానో లేదో, హ్యాండిల్ ఎడమకు గుంజింది.

గుంజి, వెనక కిందికి దిగినట్టయింది. క్యారియర్ కిర్రుమంది.

వెనక చక్రం గాలి పోయిందనుకున్నాను. దిగి వేలితో నొక్కి చూశాను, గట్టిగానే ఉంది. ఇరుసు పట్టేసిందేమోనని చక్రం లేపి తిప్పాను, గిర్రున తిరిగింది. మళ్లీ ఎక్కాను. మళ్లీ అదే బరువు. రాత్రిళ్లు నిద్ర లేదు, పొద్దుటినుంచి తిండి లేదు, కాళ్లలో సత్తువ పోయిందని నాకు నేనే చెప్పుకుని తొక్కాను.

మొదటి చడావ్ వచ్చింది. ఇంత బరువుతో ఎక్కలేను, దిగి నడుద్దామనుకుంటుండగా సైకిల్ తేలికైపోయింది. ఒక్కసారిగా. ఎవరో నెడుతున్నట్టు పైకి పోయింది. ఎత్తు మీద అలవాటు కొద్దీ నెమ్మదించాను. హ్యాండిల్ ఎడమకు గుంజింది, క్యారియర్ కిర్రుమంది.

తిరిగి చూశాను. క్యారియర్ మీద మడతపెట్టి కట్టిన గోనెసంచి తప్ప ఏమీ లేదు.

కాళ్ల నొప్పయితే ఎత్తు మీద ఎక్కువ కావాలి, తగ్గకూడదు. గాలి అనుకుందామంటే ఆకు కదలడం లేదు. రెండో చడావ్ దగ్గర పట్టుబట్టి పరీక్షగా చూశాను. ఎత్తు మొదలు కాగానే తేలిక, ఎత్తు అయిపోగానే బరువు. సామాను బరువు అలా ఉండదు. అది మనిషి పద్ధతి. అది మా పద్ధతి.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన ఇది. ఖాజా పోయాడు, నేనిటు రాగానే ప్రాణం పోయింది, ఇప్పుడు వాణ్ణి నేను వాళ్లమ్మ దగ్గరికి మోసుకుపోతున్నాను అనుకున్నాను. సైకిల్ అక్కడే పారేసి పరిగెత్తాలనిపించింది. దిగి నడిపించుకుంటూ కొంత దూరం పోయాను. కానీ ఖాలాకు ఏమని చెప్పను? మళ్లీ ఎక్కాను.

శంషాబాద్ చేరేముందు ఒక పెద్ద గుట్ట ఉంది. ఆ బాటలో అన్నిటికంటే కష్టమైన చడావ్ అదే. మొదట్లోనే బరువు దిగిపోయింది. ఊపిరి బిగబట్టి పైదాకా తొక్కాను. పైన నెమ్మదించాను.

హ్యాండిల్ గుంజలేదు.

ఇంకాస్త నెమ్మదించాను. ఏమీ లేదు. సైకిల్ తేలిగ్గా ఉంది, ఎప్పుడూ ఉండాల్సినట్టు. అమ్మయ్య అనుకున్నాను. నిజంగా పైకే అన్నాను. కాళ్లు వదిలేసి దిగుడు మీద జారిపోయాను. ముఖానికి గాలి కొడుతుంటే, అంతా నా భ్రమే, రేపు ప్రెస్సులో పంతులుకు చెప్పి నవ్వుకోవచ్చనుకున్నాను.

గుట్ట సగం దిగాక బ్రేకు పట్టాను. ఎందుకు పట్టానో చెప్పలేను. వాడు వెనక ఉన్నాడని ఇంతసేపూ వణికాను, ఇప్పుడు లేడని వణుకు మొదలైంది. ఒకవేళ అది వాడే అయితే? ఆ గుట్ట మీద నేను వదిలేసి పోతున్నది వాణ్ణే అయితే? ఇల్లు చేరేసరికి మంచం మీద ఎవరుంటారు?

సైకిల్ తిప్పాను. నెట్టుకుంటూ మళ్లీ గుట్ట ఎక్కి, సైకిల్‌ను ఇంటి దిక్కు తిప్పుకున్నాను. దయ్యాలంటే లేచిపోయే మనిషిని, ఎవరూ లేని గుట్ట మీద ఒక కాలు నేలకు ఆనించి, వెనక్కి చూడకుండా నిలబడ్డాను. ఎండ పసుపు పచ్చగా మారుతోంది. వెనక దూరంగా మొగ దగ్గరి నీళ్లు మెరుస్తుంటాయని తెలుసు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

మెల్లగా పిలిచాను. ఏమీ కాలేదు. అప్పుడు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎప్పుడూ ఎలా అరిచేవాణ్ణో అలాగే అరిచాను.

"అరే ఖాజా! ఎక్కుతవా లేదా? ఖాలా ఒక్కతే ఉన్నది రా! ఎక్కు!"

హ్యాండిల్ ఎడమకు గుంజింది.

ఆ తర్వాత భయం పోయిందని అనను. కానీ ఆ భయం వేరు. ఇప్పుడు ఆ బరువు దిగిపోతుందేమోనన్న భయం. గుంతలు తప్పించుకుంటూ, వెనక కూర్చున్న మనిషికి దెబ్బ తగలకుండా తొక్కినట్టు తొక్కాను. చిన్న చిన్న ఎత్తుల దగ్గర కూడా పైన ఆగి, హ్యాండిల్ గుంజేదాకా కదల్లేదు. మీరాలం చెరువు దాటేసరికి పొద్దు వాలింది.

బహదూర్‌పురా దగ్గర పోలీసు చౌకీ కనబడింది. నేనేమీ అనుకోకముందే వెనక తేలికైంది. చౌకీ ముందు నుంచి మామూలుగా తొక్కుకుంటూ పోతుంటే ముసలి జవాను ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఠైరో. వెనక దిగినోడు ఏడి?"

ఒక్కణ్ణే అని వేలు చూపించాను.

"నా కండ్ల ముందల దిగిండు, నాకే చెప్తవా? తలకు తెల్ల గుడ్డ కట్టుకున్నడు. గా మనిషి ఏడి?"

ఆయన నా వెనక సడక్ మీదికి చూశాడు. నేనూ చూశాను. ఒక టాంగా, దాని వెనక ఖాళీ సడక్. ఆయన రెండడుగులు అటు వేసి, గోడ పక్కన చూసి, తిరిగి వచ్చాడు. నా ముఖం చూశాడు. గాలి తీయలేదు. పేరడగలేదు.

"జావ్ బేటా," అన్నాడు. గొంతు తగ్గించి, "జల్ది ఇంటికి పో," అని కూడా అన్నాడు.

తలకు కట్టు సంగతి నేను ఆయనకు చెప్పలేదు. నేను చెప్పదలుచుకున్న సాక్ష్యం ఇదొక్కటే. మిగతాదంతా ఆకలిగొన్న వాడి భ్రమ అనుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఆ జవాను పొద్దున్నుంచి పస్తు లేడు, ఆయనకు ఖాజా ఎవరో తెలియదు.

మలుపు దాటాక హ్యాండిల్ గుంజింది. షాలిబండ, లాల్‌దర్వాజా, మా ఇంటి ముందు నుంచే పోయాను, ఆగలేదు. యాకుత్‌పురా గల్లీలోకి తిరిగేసరికి ఇళ్లలో దీపాలు పెడుతున్నారు. ఖాజా ఇంటి ముందు నేను బ్రేకు పట్టకముందే, సైకిల్ ఇంకా కదులుతుండగానే, బరువు దిగిపోయింది.

లోపలి నుంచి ఆడవాళ్ల ఏడుపు వినిపించింది.

సైకిల్ దిగి అక్కడే నిలబడ్డాను. ఇంత దూరం మోసుకొచ్చింది ఇందుకా అనుకున్నాను. సైకిల్ గోడకు ఆనించడం కూడా మరిచిపోయాను, అది నా పక్కనే పడిపోయింది. ఆ చప్పుడుకు చెల్లెలు బయటికి వచ్చింది. నన్ను చూసి, ముఖమంతా కన్నీళ్లతో, "నర్సింలన్నా, లేచిండు! భాయ్ గిప్పుడే కండ్లు తెరిచిండు!" అని అరిచింది.

లోపలికి పోయాను. ఖాలా వాడి తల ఒళ్లో పెట్టుకుని గిన్నెతో నీళ్లు తాగిస్తోంది. వాడు మింగుతున్నాడు. నన్ను చూసి గిన్నె పక్కకు జరిపాడు. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది, కానీ మాట స్పష్టంగానే ఉంది.

"మంచిగైంది ఆగినవ్ నర్సింలూ. జర్ర సేపైతే నేను నీళ్ల దిక్కే మర్లి పోతుంటి."

ఖాలా నా ముఖం చూసింది. వాడు మళ్లీ కళ్లు మూసుకున్నాడు, కానీ ఈసారి మామూలు నిద్ర, గురక కూడా పెట్టాడు. ఆ గురక వింటూ నేను వాకిట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వాడు కోలుకున్నాడు. పడిన సంగతి గుర్తుంది, ఆ తర్వాత ఏమీ గుర్తులేదంటాడు. ఆ మాట కూడా అనలేదంటాడు. డాక్టరును అడిగితే తలకు దెబ్బ తగిలినవాళ్లు ఏదో ఒకటి అంటారన్నాడు. పంతులుకు చెబితే ఆయన నవ్వలేదు, అదొకటే నాకు ఆశ్చర్యం. ఆ జవాను కోసం తర్వాత చౌకీకి పోయాను, బదిలీ అయ్యాడన్నారు. కారణం ఇదీ అని చెప్పగలిగినవాడు నాకింతవరకు దొరకలేదు. నేనూ చెప్పలేను. ఇప్పటికీ దయ్యాలను నమ్మను.

ఖాజాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, మనవలను కూడా ఎత్తుకున్నాడు. వాళ్ల ఇంట్లో దావత్ జరిగినప్పుడల్లా, ఆ పిల్లలంతా భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని లొల్లి చేస్తుంటే, నేను తినడం ఆపి వాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటాను. ఆ గుట్ట మీద అమ్మయ్య అనుకుని సంతోషంగా జారిపోయాను కదా. సగంలో బ్రేకు ఎందుకు పట్టానో నాకు తెలియదు. పట్టకపోయి ఉంటే వీళ్లలో ఒక్కరూ ఇక్కడ ఉండేవాళ్లు కాదు.